రెండు వేల రూపాయల ధిక్కారం

కాశిబుగ్గలో మా ప్లాటు హద్దు మీద గోడ లేస్తున్నప్పుడు మా చేతిలో ఇంజంక్షన్ ఆర్డర్ ఉంది. కేసు తేలేదాకా అక్కడ ఏ కట్టడమూ కట్టొద్దని కింది కోర్టు రాసిచ్చిన కాగితం. శనివారం రాత్రి మొదలుపెట్టి, సోమవారం కోర్టు తెరిచేసరికి నడుమెత్తు లేపారు. బాపు ఆ కాగితం చూపిస్తే మేస్త్రీ, "మాకేం తెల్వది పెద్దాయనా, కట్టుమన్నరు, కడుతున్నం" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. హైకోర్టులో కంటెంప్ట్ వేద్దామన్నాను. వకీలు సాబ్ నవ్వాడు. "అంత దూరమెందుకు తమ్మీ? ఆర్డర్ ఇచ్చిన కోర్టుల్నే టూ-ఏ వేద్దాం. ముందుగాల తారీఖు పడేటట్టు ఫోటోలు తియ్యి."

ఆ రాత్రి కూర్చుని చట్టాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నన్ను ఆపేసింది ఒక సంఖ్య. బ్రిటిష్ ఇండియాలో 1926లో వచ్చిన కోర్టు ధిక్కార చట్టం గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, రెండు వేల రూపాయల జరిమానా అంది. అప్పటికి వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ చట్టం మనదాకా రాలేదు. 1952 చట్టం వచ్చింది, అదే రెండు వేలు. ఇప్పుడు నడుస్తున్న 1971 చట్టంలోనూ అదే రెండు వేలు. ఎవరో హార్డ్‌కోడ్ చేసి మర్చిపోయిన విలువలాగా, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

1992 జూలైలో అయోధ్యలో కోర్టు ఉత్తర్వులకు విరుద్ధంగా సిమెంటు వేదిక కట్టనిచ్చినందుకు కల్యాణ్ సింగ్‌కు 1994లో సుప్రీంకోర్టు వేసింది ఒకరోజు జైలు, రెండు వేల జరిమానా. 1926లో ఆ డబ్బు పెద్దది. ఇవాళ మేస్త్రీ రెండు మూడు రోజుల కూలి.

వకీలు సాబ్ చెప్పిన దారి వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 39, రూల్ 2ఏ. 1976 సవరణతో చేరింది. ఇందులో జరిమానా మాటే లేదు. ఉల్లంఘించినవాడి ఆస్తిని జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైల్లో పెట్టొచ్చు. ఏడాది దాటినా మాట వినకపోతే ఆ ఆస్తిని అమ్మి, నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించొచ్చు. కంటెంప్ట్ చూసేది కోర్టు గౌరవాన్ని. 2ఏ చూసేది బాపు లాంటి మనిషిని. ఆర్డర్‌ను అమలు చేయించడమే అసలు ఉద్దేశమని, ప్రభుత్వమైనా ఇంజంక్షన్‌కు కట్టుబడాల్సిందేనని 1960లోనే రాణీ సోనాబతీ కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డర్ తర్వాత రద్దయినా సరే, అది అమల్లో ఉన్నప్పుడు చేసిన ఉల్లంఘన ఉల్లంఘనేనని 1998లో సమీ ఖాన్ కేసులో అంది.

అయితే రుజువు చేయాల్సింది మనమే. ఆర్డర్ సంగతి అవతలివాడికి తెలుసని, తెలిసీ కావాలనే కట్టాడని చూపించాలి.

అధికారే ఉల్లంఘిస్తే? గుంటూరు జిల్లా అడవితక్కెళ్లపాడులో గుడిసెలు కూల్చొద్దని 2013 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. నెల తిరిగేలోపే తహసీల్దారు కూల్పించాడు. 2015లో హైకోర్టు రెండు నెలల జైలు, రెండు వేల జరిమానా వేసింది. ఆయన అప్పీళ్లకు వెళ్లాడు, ఈలోగా డిప్యూటీ కలెక్టర్ అయ్యాడు. 2025 మేలో సుప్రీంకోర్టు జైలు తప్పించింది గానీ, మళ్లీ తహసీల్దారు హోదాకు దించమంది, లక్ష రూపాయలు కట్టమంది. రెండు వేలు చాలవని కోర్టుకూ అనిపించి ఉంటుంది. కానీ గుడిసెలు పోయి అప్పటికి పదకొండేళ్లు.

మా 2ఏ పిటిషన్ ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకు ముందు బాపు వెళ్లి గోడకు కొత్త ఫోటో తీసుకొస్తాడు. పోయిన నెల ఫోటోలో దానికి సున్నం కూడా వేసి ఉంది.