నువార్ సినిమాల్లోకి శాక్సఫోన్ ఎప్పుడొచ్చింది?

వానకు తడిసిన వీధి, మిణుకుమనే నియాన్ బోర్డు, టోపీ నొసటిదాకా లాక్కున్న డిటెక్టివ్, వెనక ఎక్కడో ఒంటరిగా శాక్సఫోన్. పాత హాలీవుడ్ ఫిల్మ్ నువార్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. చిక్కల్లా ఏమిటంటే, ఆ పాత సినిమాల నేపథ్య సంగీతంలో ఈ శాక్సఫోన్ వెతికినా దొరకడం కష్టం.

బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)కి సంగీతం బుడాపెస్ట్‌లో పుట్టిన మిక్లోష్ రోజాది. ‘ది బిగ్ స్లీప్’ (1946)కి వియన్నాలో పుట్టిన మాక్స్ స్టైనర్. ఇద్దరూ ఐరోపా శాస్త్రీయ సంగీతంలో పెరిగినవాళ్లే. స్టూడియోలకు సొంత ఆర్కెస్ట్రాలుండేవి కాబట్టి హత్యకైనా ప్రేమకైనా ఆ వాద్యబృందమే మోగేది. జాజ్ వినబడిందంటే కెమెరా ఏ నైట్‌క్లబ్బులోకో వెళ్లిందన్నమాట. ‘డి.ఓ.ఎ.’ (1950)లో హీరో గ్లాసులో విషం పడేది కూడా జాజ్ హోరెత్తే బారులోనే.

ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. ‘ది మాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’ (1955)కి ఎల్మర్ బెర్న్‌స్టైన్, 1958లో ‘పీటర్ గన్’ టీవీ సీరియల్‌కు హెన్రీ మాన్సినీ జాజ్‌నే నేపథ్యం చేశారు. పారిస్‌లో 1957 డిసెంబర్ 4 రాత్రి మైల్స్ డేవిస్ లూయీ మాల్ తొలి థ్రిల్లర్ దృశ్యాలు చూస్తూ ట్రంపెట్ అందుకుంటే, పక్కన టెనర్ శాక్సఫోన్ పట్టుకున్న బార్నీ విలెన్‌కు ఇరవయ్యేళ్లే.

అయినా ఆ శబ్దానికి చెరగని ముద్ర వేసింది 1976 నాటి ‘టాక్సీ డ్రైవర్’. చిత్రమేమిటంటే దానికి సంగీతమిచ్చిన బెర్నార్డ్ హెర్మన్ జాజ్ మనిషి కాడు. ‘సిటిజన్ కేన్’తో సినిమాల్లోకి వచ్చి, హిచ్‌కాక్ ‘సైకో’ను కేవలం తంత్రీవాద్యాలతో వణికించిన స్వరకర్త. మార్టిన్ స్కోర్సేసీ కోసం ఆయన రెండు లోకాలు కట్టాడు. డ్రమ్ములూ ఇత్తడి వాద్యాలూ ఉబ్బి తగ్గుతూ బెదిరిస్తుంటే, మధ్యలో ఆల్టో శాక్సఫోన్ జోలపాటలా జారుతుంది. కథానాయకుడైన టాక్సీ డ్రైవర్ ట్రావిస్ బికిల్ తలలోని నగరం ఒకటి, అతడు కలగనే తెల్లదుస్తుల బెట్సీ మరొకటి. ఇంత తీయని బాణీ ఇంత అనుమానంగా వినిపించడం హెర్మన్ గొప్పతనమే. రికార్డింగ్ ముగించి హోటల్‌కు వెళ్లిన ఆయన 1975 డిసెంబర్ 24 వేకువజామున నిద్రలోనే చనిపోయాడు. సినిమా ఆయనకే అంకితం.

సినిమాలో ఆ శాక్సఫోన్ ఊదింది రానీ లాంగ్. ఎల్పీలో కొన్ని ట్రాకులు టామ్ స్కాట్‌వి కావడంతో ఈ రెండు పేర్లూ తరచూ తారుమారవుతుంటాయి. ‘పీటర్ గన్’ బృందంలోనూ లాంగ్ ఉన్నాడు. 1981లో లారెన్స్ కాస్డన్ ‘బాడీ హీట్’కు జాన్ బారీ పిలిపించిందీ ఈయననే. ఫ్లోరిడా ఉక్కపోతలో లాయరూ, పరాయివాడి భార్యా కలిసి ఆమె భర్తను చంపే కథ అది. ‘డబుల్ ఇండెమ్నిటీ’కి వారసురాలే. తల్లి సినిమాలో లేని శాక్సఫోన్ ఈ పిల్ల సినిమాకు ప్రాణమైంది. ‘పాత నువార్ సంగీతం’ అని మనం అనుకునేది చాలావరకు డెబ్బైలు, ఎనభైలు పాతకాలాన్ని తలచుకుంటూ కట్టుకున్న బాణీయే.

 

‘బాడీ హీట్’ వచ్చిన మరుసటేడు ‘బ్లేడ్ రన్నర్’లో వాంగెలిస్ ఆ బాణీని భవిష్యత్తులోకి తీసుకెళ్లాడు, డిక్ మోరిసీ టెనర్ అందులో ప్రేమగీతం పాడింది. తర్వాత అనుకరణలు ఎక్కువై అది వెక్కిరింతకు సరుకైంది. డేవిడ్ లించ్ ఒక్కడే దాన్ని తలకిందులు చేశాడు: ‘లాస్ట్ హైవే’ (1997) కథానాయకుడే శాక్సఫోన్ వాద్యకారుడు, అతడి వాదనంలో వలపు లేదు, పిచ్చి అరుపే.

అనుమానముంటే ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘బాడీ హీట్’ వెంటవెంటనే చూడండి. మొదటిదాన్ని కాసేపు కళ్లు మూసుకుని వినండి.