పూజ అయ్యాక ఆగిన కుర్రాళ్లు

అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ సమాఖ్యకు, మనందరి నోట ఐకఫ్‌కు, నూరేళ్లు నిండిన సందర్భంగా మన యూనిట్ చరిత్ర రాసిపెట్టమని సంచిక కమిటీవారు అడిగారు. పాత మినిట్స్ పుస్తకాలు కొన్ని చెదలపాలయ్యాయి. కాబట్టి ఇందులో కొంత రికార్డు, కొంత నా జ్ఞాపకం.

ముందు పెద్దల సంగతి. 1924లో జెస్యూట్ సభకు చెందిన ఫాదర్ కార్టీ గారు మద్రాసు ప్రెసిడెన్సీలో కతోలిక విద్యార్థులను ఒకచోట చేర్చడంతో ఇది మొదలైంది. స్వాతంత్ర్యం తరవాత దేశమంతా పాకింది. ఫాదర్ పియేర్ సెరాక్ గారిది రెండో మెట్టు. 1937లో ఫ్రాన్సు నుంచి వచ్చి తమిళం, సంస్కృతం నేర్చిన ఆయన జాతీయ చాప్లిన్‌గా విద్యార్థులను శ్రమ శిబిరాలకు నడిపించారు. ఆ తరవాత మానామదురై మెట్ట పొలాల్లో బావులు తవ్వించారు. కంబోడియా శరణార్థుల కోసం థాయిలాండ్ సరిహద్దు శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. 2012లో చెన్నైలోనే కన్నుమూశారు. మూడో మెట్టు 1970లో జరిగిన ఐకఫ్ పూనమల్లి సభ. అన్యాయపు సమాజంలో పుట్టినవాళ్లం దాన్ని ఉన్నదున్నట్టు వదిలిపోకూడదని తీర్మానించుకున్నది అక్కడే. అంతకుముందు ఐకఫ్ అంటే జపమాల, వడకం (ధ్యాన దినాలు), ఉపన్యాసం. ఆ తరవాత పల్లెబాట. మేత్రాణుల్లో కొందరికి ఈ మలుపు రుచించలేదన్నది పాతవారికి తెలిసిందే.

మన యూనిట్‌ను నిలబెట్టిన చాప్లిన్ గారి పేరు అచ్చులో చూస్తే ఆయనే ఒప్పుకునేవారు కారు. మేము పిలిచినట్టే పెద్ద ఫాదర్ అంటాను. తమిళ యాస కలిసిన తెలుగు. తెల్ల అంగీ అంచున ఎప్పుడూ సైకిలు చైను గ్రీజు. ఆదివారం పూజకు రాని కుర్రాడిని ఎందుకు రాలేదని అడిగేవారు కారు. సాయంత్రం హాస్టలు గదికి వచ్చి మంచం మీద కూర్చుని, “ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందా?” అనేవారు. మెస్సు బకాయి ఉన్నవాడెవడో, ఇంట్లో జబ్బుతో ఉన్నదెవరో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయేది. మరుసటి ఆదివారం ఆ కుర్రాడు తనంతట తనే వచ్చేవాడు. క్రీస్తు శిష్యరికం అన్న మాట నేను ఎన్నో ప్రసంగాల్లో విన్నాను, చూసింది మాత్రం ఆ మంచం మీద.

పూజ అయ్యాక గుడి వెనక వరండాలో స్టడీ సర్కిల్. చూడాలి, ఆలోచించాలి, చేయాలి అన్న కార్డినల్ కార్డైన్ పద్ధతే మాదీ. వారం వారం ఒక విషయం: కూలి రేట్లు, వరకట్నం, పాలెంలో మంచినీళ్లు.

ఇంతలో ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. అధికారిక లెక్కే పదివేల ప్రాణాలు. అక్కడివాళ్లు ఆ లెక్కను ఇప్పటికీ నమ్మరు. పెద్ద ఫాదర్ ఎవరినీ రమ్మనలేదు. నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు: ఈత వచ్చినవారు, కడుపులో తిప్పనివారు కావాలి. పూజ అయ్యాక ఆగిన కుర్రాళ్లం లారీ ఎక్కాం. అవనిగడ్డ దాటాక రోడ్డు మీద పడ్డ చెట్లు నరుక్కుంటూ నడిచాం. తుమ్మ కంపల్లో మనుషులు, పశువులు కలిసి చిక్కుకుని ఉన్నారు. ముక్కుకు కర్పూరం మూటగట్టిన గుడ్డలు కట్టుకున్నాం. పశువులను కిరోసిన్ పోసి తగలబెట్టాం, మనుషులను గోతుల్లో పూడ్చాం. గోతి గోతికీ పెద్ద ఫాదర్ ప్రార్థన చెప్పారు. వాళ్లు ఏ మతం వాళ్లో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. బావులన్నీ ఉప్పుకషాయం. తోడి పోస్తే మళ్లీ అదే నీరు ఊరేది. తవ్వీ తోడీ అరచేతులు బొబ్బలెక్కినా, పల్లెటూరి కుర్రాళ్లు పార వదల్లేదు.

ఆ శిబిరానికి ఋణపడినవారిని తలచుకోవడం మన విధి. బియ్యం మూటలిచ్చిన రైసుమిల్లు యజమాని, లారీ ఇచ్చి డీజిలు డబ్బు తీసుకోని సాయిబు గారు, దుప్పట్లు పంపిన కాన్వెంటు సిస్టర్లు, బ్లీచింగు పౌడరు ఇచ్చిన మందుల షాపు శెట్టిగారు, చందా పోగుచేసిన విచారణ మరియదళం, టిఫిన్ డబ్బులు వదులుకున్న హాస్టలు విద్యార్థులు, మాతోబాటు వచ్చి వండిపెట్టిన వంటమనిషి, ఆయన భార్య. వీరందరికీ యూనిట్ తరఫున నమస్కారాలు.

ఎనభైలు, తొంభైలు సజావుగా గడిచాయి: ఏటా వడకం, క్రిస్మస్ కారోల్స్, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి వాలంటీర్లు. తరవాత ఇంజనీరింగు కోచింగులు ఆదివారాన్ని మింగేశాయి. ఇప్పుడు ప్రార్థన బృందాలు, గిటారు పాటలు ఎక్కువయ్యాయి. తప్పు పట్టను. అక్కడా పిల్లలు ప్రభువును వెతుక్కుంటున్నారు. అయితే పాలెంలో మంచినీళ్ల సంగతి వాళ్ల పాటల్లో వినబడదు.

ఇది ఉత్సవ సంచిక అయినా ఒక మాట దాచలేను. మన సభలు ఇంగ్లీషులో జరిగేవి, మినిట్స్ ఇంగ్లీషులో, మద్రాసు నుంచి వచ్చే ‘ర్యాలీ’ పత్రికా ఇంగ్లీషే. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు, వారిలో ఎక్కువమంది దళితవాడల పిల్లలు, వెనక బెంచీల్లో తలవంచుకుని కూర్చునేవారు. దివిసీమలో గోతులు తవ్వింది ఆ వెనక బెంచీలే. ఆ ఏటి నివేదిక రాసింది, ఫొటోలో నిలబడింది వేరేవారు. కార్యదర్శి పదవి నేనున్న కాలంలో ఒక్కసారి కూడా వెనక బెంచీకి రాలేదు.

ఒకసారి స్టడీ సర్కిల్‌లో వెనక బెంచీవారిలో ఒకడు స్కాలర్‌షిప్ ఫారం చేతపట్టుకుని లేచాడు. “మతం దగ్గర ఏం రాయమంటారు ఫాదర్?” అన్నాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని రాస్తే షెడ్యూల్డు కులం హోదా పోతుంది. తరవాత సిక్కులను, బౌద్ధులను ఆ జాబితాలో చేర్చారుగానీ మనవారిని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకు దక్కింది బీసీ–సీలో ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో జ్ఞానస్నానపు రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. పెద్ద ఫాదర్ చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వు ఏది రాసినా నిన్ను ప్రభువు వదలడు, నేనూ వదలను” అన్నారు. ఆ కుర్రాడు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం రాశాడో మేము అడగలేదు. దాని మీద సర్కిల్ తీర్మానం చేయాలని కొందరం అన్నాం. సభ వాయిదా పడింది, మళ్లీ ఆ విషయం ఎజెండాకు ఎక్కలేదు.

నూరేళ్ల పండుగ చేస్తున్న ఇప్పటి విద్యార్థులకు నా విన్నపాలు రెండు. ఈ ఏడాది నుంచి సర్కిల్ తెలుగులో నడపండి, మినిట్స్ తెలుగులో రాయండి. దివిసీమ శిబిరానికి వెళ్లినవారి పూర్తి జాబితా ఎక్కడా లేదు. ఆ లారీ ఎక్కినవారెవరైనా, వారి పిల్లలైనా ఇది చదివితే పేరు, ఊరు రాసి యూనిట్‌కు పంపండి. వచ్చే సంచికలో ముందు పేజీ ఆ జాబితాకే ఇస్తామని కమిటీవారు నాకు మాటిచ్చారు.