పెరటి గంప నుంచి పౌల్ట్రీ షెడ్డు దాకా

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత మనందరికీ తెలిసినదే. ఆ సామెత పుట్టిన కాలంలో కోడిపెట్ట ఇంటి ఆడవారి సొత్తు. పగలంతా పెంటకుప్పల మీద, గాదెల కింద ఏరుకు తిని, చీకటి పడేసరికి గంప కిందికి చేరేది. గుప్పెడు నూకలు చల్లడం మించి దానికి ఖర్చు లేదు. ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టేది. వాటిలో కొన్ని పొదగడానికి పోగా మిగిలినవి అమ్మితే వచ్చిన చిల్లర ఇల్లాలి కొంగుముడిలో ఉండేది. పుంజు సంగతి వేరు. అది మగవారి పంతాలకు సంబంధించినది. పల్నాటి యుద్ధ కథలో కోడిపోరుకు ఎంత చోటున్నదో చెప్పనక్కరలేదు.

ఈ పెరటి కోళ్ళకు పెద్ద శత్రువు కొక్కెర తెగులు. వచ్చిందంటే ఊళ్ళో గంపలన్నీ ఖాళీ అయ్యేవి. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గుర్తించిన ఈ వ్యాధి, ఆ వెంటనే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే పశువైద్యులు దీనిని రాణిఖేత్ వ్యాధి అంటారు. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో దీనికి టీకా తయారైంది. ఒకే కప్పు కింద వేల కోళ్ళను పెంచడం సాధ్యమైందంటే ముందుగా ఈ టీకాకు నమస్కరించాలి.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం కోళ్ళ పెంపకాన్ని పంచవర్ష ప్రణాళికల్లో చేర్చింది. 1960 దశకంలో యూనిసెఫ్ సాయంతో నడిచిన అనువర్తిత పోషకాహార కార్యక్రమం మన రాష్ట్రానికీ వచ్చింది. బ్లాకు కార్యాలయాల ద్వారా మేలుజాతి కోళ్ళు గ్రామాలకు చేరాయి. వాటిలో ముఖ్యమైనది తెల్ల లెగ్‌హారన్. ఇటలీలోని లివోర్నో రేవు పేరే ఇంగ్లీషువారి నోట అలా మారింది. పొదుగు మీద కూర్చోవడం మరచిపోయి గుడ్లు పెడుతూ పోవడమే ఈ జాతి గొప్పతనం. పొదిగే పని యంత్రానికి అప్పగించారు. యంత్రంలోనైనా, పెట్ట కిందనైనా పిల్ల రావడానికి 21 రోజులే.

మొదట్లో నేల మీద వరి ఊక పరచి పెంచే డీప్‌లిట్టర్ పద్ధతి ఉండేది. తరువాత ఇనుప తీగల కేజీలు వచ్చాయి. పెట్టిన గుడ్డు దొర్లి ముందుకు వస్తుంది, రెట్ట కిందికి పడుతుంది, మేత, నీరు ఎదుటనే ఉంటాయి. పద్దెనిమిది, ఇరవై వారాల వయసులో గుడ్లు మొదలవుతాయి. రోజుకు నూటపది గ్రాముల మేత, పగటి వెలుగుతో కలిపి పదహారు గంటల వెలుతురు ఇస్తే నేటి లేయర్ కోడి ఏడాదికి మూడు వందలకు పైగా గుడ్లు పెడుతుంది. మేతలో మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, గుల్ల పొడి ముఖ్యమైనవి. పెంపకం ఖర్చులో మూడింట రెండు వంతులు మేతకే పోతుంది.

అయితే గుడ్డు ఎక్కువైనంత మాత్రాన రైతు బాగుపడలేదు. నగరాల్లోని టోకు వర్తకులు చెప్పినదే ధరగా ఉండేది. పాలు, గుడ్లు దాచుకునే సరుకులు కావు గదా! 1980 దశకం మొదట్లో మేత ధర పెరిగి, గుడ్డు ధర పడిపోయి అనేక షెడ్లు మూతపడ్డాయి. అప్పుడు రైతులను కూడగట్టినవారు తెలుగువారైన డాక్టర్ బి.వి. రావు. 1971లో వెంకటేశ్వర హాచరీస్‌ను స్థాపించిన ఆయన, దేశమంతటా సమావేశాలు జరిపి గుడ్డు ధరను రైతే నిర్ణయించాలని చెప్పారు. ఆ కృషి ఫలితమే 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే నెక్. దినపత్రికల్లో కనిపించే గుడ్ల ధర అప్పటినుంచి ఈ సంఘం ప్రకటించేదే. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమన్న దూరదర్శన్ ప్రకటన కూడా వీరిదే. 1990లో పద్మశ్రీ అందుకున్న రావుగారు 1996లో కన్నుమూశారు.

గుడ్డు శాకమా, మాంసమా అన్న తర్కం మన ఇళ్ళలో నేటికీ వినబడుతుంది. ఫారాల్లో లేయర్ల మధ్య పుంజు ఉండదు కనుక ఆ గుడ్డులో పిల్ల ఉండదు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యంపై రాసిన పుస్తకంలో గాంధీజీ, పాలు తాగేవారు ఇటువంటి గుడ్డును కాదనడానికి కారణం లేదనే భావం వెలిబుచ్చారు. తినడం, మానడం ఎవరి ఇష్టం వారిది. రెండు తెలుగు రాష్ట్రాల అంగన్‌వాడీల్లోను, బడి భోజనంలోను పిల్లలకు గుడ్డు అందుతున్నదంటే అది చిన్న విషయం కాదు.

మాంసపు కోడి కథ వేరు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాలకే రెండు కిలోలకు మించి తూగుతుంది. 1990 దశకంలో కోయంబత్తూరు ప్రాంతంలో బలపడిన ఒప్పంద పద్ధతి ఇక్కడికీ వచ్చింది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కిలోకింతని పెంపకపు కూలి ముడుతుంది. మార్కెట్ పడిపోతే ఆ దెబ్బ నేరుగా రైతుకు తగలదు. కాని ధర చెప్పే హక్కు కూడా అతని చేతిలో ఉండదు. పదవీ విరమణ సొమ్ముతో షెడ్డు వేద్దామనుకునే కుటుంబాలు ఈ తేడాను ముందుగా ఆలోచించుకోవాలి. తెగుళ్ళ సంగతీ మరువరాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్‌ఫ్లూ మొదటిసారి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరుల్లో అదే వ్యాధి తేలింది.

కోడికీ ఒక పక్షం ఉంది. కేజీలో ఒక్కోదానికి దక్కేది ఫుల్‌స్కేపు కాగితమంత చోటు కూడా కాదు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ విషయాన్ని పరిశీలించింది. మనుషుల ప్రాణం నిలిపే కోలిస్టిన్ మందును కోళ్ళకు, పశువులకు వాడరాదని కేంద్రం 2019లో నిషేధించింది. ఈ రెంటినీ పట్టించుకుంటే మనకూ మేలే.

1950-51లో దేశమంతటా 183 కోట్ల గుడ్లు, తలకు ఏడాదికి 5. 2023-24లో 14,277 కోట్లు, తలకు 103. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అనపర్తి, తణుకు ప్రాంతాల గుడ్డు ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా పోతున్నది. రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ళ పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ జాతులను రూపొందించి పెరటి పెంపకానికి మళ్ళీ దారి చూపింది. ఇల్లాలి కొంగుముడికి చిల్లర చేరే ఆ దారి పూర్తిగా మూసుకుపోకుండా ఉండడం అవసరం.

గ్రామసేవకులుగా, విస్తరణాధికారులుగా, పశువైద్యులుగా ఊరూరా తిరిగి టీకాలు వేసినవారి పేర్లు ఏ నివేదికలోనూ కనిపించవు. అటువంటి సభ్యులు తమ అనుభవాలను రాసి సంఘ కార్యాలయానికి పంపితే ఈ చరిత్రలో మిగిలిన ఖాళీలు నిండగలవు.