కార్డు కొనుగోళ్లు – కర్బన పాదముద్ర గణన

వస్తువుల ఉత్పత్తి, రవాణా, వినియోగాల వల్ల వాతావరణంలో చేరే హరితగృహ వాయువుల మొత్తాన్ని కర్బన పాదముద్ర అంటారు. ఖాతాదారు కార్డుతో చేసిన ఖర్చును బట్టి దీనిని అంచనా వేసే విధానాన్ని కొన్ని విదేశీ బ్యాంకులు ప్రవేశపెట్టాయి.

గణన విధానం: కార్డు స్వీకరించే ప్రతి దుకాణానికీ దాని వ్యాపారాన్ని సూచించే నాలుగంకెల సంకేతం ఉంటుంది. ఆ రకం వ్యాపారంలో ఒక్కో రూపాయి ఖర్చుకు వెలువడే సగటు ఉద్గారాలతో చెల్లించిన సొమ్మును హెచ్చవేస్తారు.

చరిత్ర: ఫిన్లాండులోని ఆలండ్ బ్యాంకు 2016లో ఇటువంటి సూచికను ఆరంభించింది. 2021లో మాస్టర్‌కార్డ్ సంస్థ స్వీడన్‌కు చెందిన డోకానమీతో కలిసి ఈ గణన సాధనాన్ని ఇతర బ్యాంకులకు అందించింది.

పరిమితులు: బ్యాంకుకు తెలిసేది దుకాణమూ, సొమ్మూ మాత్రమే, కొన్న వస్తువు తెలియదు. రాయపురంలోని కిరాణా దుకాణంలో వెయ్యి రూపాయలకు బియ్యం కొన్నా, నెయ్యి కొన్నా లెక్క ఒక్కటే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ధర పెరిగితే ఆ వాయువు పెరగదు. రూపాయల లెక్కలో మాత్రం పెరిగినట్లు కనబడుతుంది. కాశిమేడు రేవులో రొక్కమిచ్చి కొన్న చేపలు అసలు లెక్కలోకే రావు.

కనుక రొక్కంతో గడిచే కుటుంబాన్నీ, కార్డు వాడే కుటుంబాన్నీ ఈ అంకెలతో పోల్చరాదు. ఒకే ఇంటి ఖర్చులో ఏ పద్దు బరువైనదో స్థూలంగా గ్రహించడానికే ఇది ఉపకరిస్తుంది.