నెత్తుటి పరీక్ష, టైఫాయిడు మందు

మూడు వారములు విడువక కాయు జ్వరమును మీరెల్లరు నెఱుగుదురు. దానిని మనవారు సన్నిపాతమనియు, విషజ్వరమనియు ననుచుండిరి. వైద్యులు టైఫాయిడందురు. దాని క్రిమి ప్రేగులలోనే యుండునని పలువురు తలంతురు గాని, మొదటి వారమున నది నెత్తుటను సంచరించును. ఆ నెత్తురును పోషకద్రవముగల సీసాలో నుంచి వెచ్చగా కాపాడినచో కొలది దినములలో క్రిమి పెరిగి బయటపడును. మందు వేయకమునుపే నెత్తురు తీయవలెను; వేసిన పిమ్మట క్రిమి ఒడలిలో నున్నను సీసాలో మొలవకపోవచ్చును.

1880లో ఎబెర్తు ఈ క్రిమిని చూచెను. 1884లో గాఫ్కీ దానిని పెంచెను. అటుపిమ్మట అరువదియేండ్లకు పైగా రోగము పేరు తెలిసినది గాని, దానికి తగిన మందు లేదు.

1948లో మలయాలోని కౌలాలంపూరున వుడ్‌వర్డు, స్మాడెల్ మున్నగు వైద్యులు క్లోరమ్‌ఫెనికాల్ అను క్రొత్త మందును పరీక్షించుచుండిరి. అది వెనెజువేలా మట్టిలోని సూక్ష్మజీవినుండి పుట్టినది. వారు దానిని పొదలలోని చిన్న పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫసునకై తెచ్చిరి. ఆ జ్వరమే యని తలచి మందిచ్చినవారిలో కొందఱికి నిజముగా నున్నది టైఫాయిడని ప్రయోగశాల తేల్చెను. అయినను వారి జ్వరము దిగెను! ఈ చరిత్రలో నాకు మిక్కిలి యింపైన ఘట్టమిదియే. ప్రయోగశాల లేకున్నచో స్క్రబ్ టైఫసే కుదిరినదని సంతసించి యూరకుందురు గదా. ఆ యేడే పదిమంది టైఫాయిడు రోగుల వృత్తాంతము ప్రకటింపబడెను.

తరువాత ఆ మందు లోకమంతట వ్యాపించెను. 1972లో కేరళలోని కోళిక్కోడునను, మెక్సికోలోను దానికి లొంగని టైఫాయిడు బయలుదేరెను. ఆ మొండితనము ఒక క్రిమినుండి వేఱొక జాతి క్రిమికి ప్రాకగలదని కోళిక్కోడు పరిశోధకులు చూపిరి.

ఏ మందునకు లొంగునో తెలియుటెట్లు? సముద్రపు నాచునుండి చేసిన జిగురు పోసిన పళ్లెములో క్రిమిని నారుమడివలె చల్లి, మందులు తడిపిన కాగితపు బిళ్లలు పెట్టుదురు. మఱునాటికి, ఉప్పు పోసిన చోట నారు మొలవనట్లు, పనిచేయు బిళ్లచుట్టు ఖాళీ వలయ మేర్పడును. ఆ వలయమును కొలుచు పద్ధతిని 1966లో అమెరికాలోని సియాటిల్‌న బావర్, కిర్బీ మున్నగువారు స్థిరపఱచిరి. రోగము విషమించినపుడు ఫలితమునకై కాచుకొనుట ప్రాణాపాయము. కనుక వైద్యుడు ఊహించి మందు మొదలిడి, ఫలితము రాగానే మార్చును.

2016లో హైదరాబాదున (మనది కాదు, పాకిస్తానులోని సింధు హైదరాబాదు) అయిదు తెగల మందులకు లొంగని టైఫాయిడు ప్రబలెను. నోటికిచ్చు మందులలో దానిపై పనిచేయునది అజిత్రోమైసిన్ ఒక్కటియే యని తేల్చినది ప్రయోగశాలయే.