కోళ్ల జాలీ గొడుగు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూశాయి. ‘సైట్’ అనే ఆ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పట్లో ఆ జిల్లా తాలూకాలే. హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు మొదలైంది 1977లో. అంటే బొమ్మల పెట్టె రాజధాని కంటే ముందే మహబూబ్‌నగర్ పల్లెలకు చేరింది.

ఇందుకు వాడిన నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ఉన్నది 36,000 కిలోమీటర్ల ఎత్తున. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 80 వాట్లు, ఒక పాత బల్బుకు సరిపోయేంత. అంత దూరం వచ్చేసరికి సంకేతం రొదలో కలిసిపోయే స్థితికి చేరుతుంది. అలాంటి దారిలో ఎంత సమాచారం పంపవచ్చో 1948లో క్లాడ్ షానన్ లెక్క కట్టాడు. బ్యాండ్‌విడ్త్, రొదతో పోల్చిన సంకేత బలం: ఈ రెండే ఆ హద్దును నిర్ణయిస్తాయి. ఒకటి తక్కువైతే రెండోదానితో కొంత పూడ్చుకోవచ్చు.

సైట్‌లో రెండు మార్గాలూ వాడారు. మామూలు టీవీలా కాకుండా బొమ్మను ఎఫ్ఎంలో, ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌లో పరిచి పంపారు. అందుకే పల్లెలోని టీవీకి కన్వర్టర్ పెట్టె తోడు కావలసివచ్చింది. ఆ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఇక సంకేత బలాన్ని పెంచే భారం యాంటెనాలది. ఉపగ్రహానికి 9 మీటర్ల గొడుగులాంటి యాంటెనా అమర్చి శక్తినంతా భారతదేశం వైపే మళ్లించారు. పైన గొడుగు అంత పెద్దది కాబట్టే కింద 3 మీటర్లది సరిపోయింది.

పల్లెలో ఆ గొడుగును కోళ్ల గూటికి కొట్టే ఇనుప జాలీతో చేశారు. ఉపగ్రహం పంపే 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. జాలీ కన్నం అందులో చిన్న వంతే. కాబట్టి గాలి దూరిపోయినా తరంగం దూరలేదు. రేకు మీద పడ్డట్టే పడి, వెనక్కి మళ్లి, గొడుగు ముందు సంకేతాన్ని అందుకునే ఫీడ్ దగ్గర పోగయ్యేది. అన్ని దిక్కులా సమానంగా అందుకునే యాంటెనాతో పోలిస్తే బలం సుమారు 400 రెట్లు. తేలిక, చవక, గాలికి తట్టుకునే గుణం ఒకే జాలీలో కుదిరాయి.

నేటి డీటీహెచ్ గొడుగు వెడల్పు రెండడుగులే. తరంగం రెండున్నర సెంటీమీటర్లకు తగ్గింది, అందుకే జాలీ పోయి రేకు వచ్చింది. బొమ్మను కుదించే పద్ధతులు, తప్పులు దిద్దే కోడ్‌లు ప్రసారాన్ని షానన్ గీసిన హద్దుకు దగ్గర చేశాయి. ఒకప్పుడు ఊరంతటికీ ఒక్క పదడుగుల గొడుగు. ఇప్పుడు ఇంటింటి మిద్దె మీదా ఒకటి.