బుడ్డర్‌ఖాన్ లేని చిందు

చిన్ననాడే వేషం కట్టిన చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మది నిజామాబాద్ జిల్లా. ఆమె ఆడిన చిందు యక్షగానాన్ని మళ్లీ వేదికెక్కిస్తున్నామంటే మొదట చూడాల్సింది అందులో నవ్వు మిగిలిందా అని. రాత్రంతా సాగే ఆటలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ రాజుగారి మాటకే అడ్డు తగులుతాడు, ఊరి సంగతులు ఎత్తిపొడుస్తాడు; మద్దెల, తాళాలు మోగుతుంటే కునుకుతున్న ముసలాళ్లూ లేచి కూర్చుంటారు. ఆడిటోరియంలో గంట సమయమిస్తే కోత పడేది ముందుగా ఇతనికే.

తెల్లవార్లూ ఇప్పుడెవరు కూర్చుంటారంటారు. నిజమే, కుదించక తప్పదు. అయితే కుదించాల్సింది కథను. సారంగధరుడి కథ జనానికి ముందే తెలుసు, నాలుగు దరువులు తగ్గినా అర్థమవుతుంది. హాస్యం అలా కాదు, ఏ ఊళ్లో ఆడితే ఆ ఊళ్లో అప్పటికప్పుడు పుడుతుంది. 2024లో చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. బుడ్డర్‌ఖాన్‌కు మాత్రం ఇంకో అరగంట కావాలి.